ఇంట్లోనే ఉన్న తల్లికి తీరిక ఎక్కడిది?

పత్రికల ఆదివారం సంచికల్లో, మహిళల పేజీల్లో ఒక వ్యాసం ఎన్నేళ్ళుగానో తిరుగుతూ ఉంది. రాసేవాళ్ళు మారతారు, పక్కన వేసే బొమ్మ మారుతుంది, వ్యాసం మాత్రం అదే. ఉద్యోగం చేసే తల్లి పిల్లలకోసం సమయం ఎలా మిగుల్చుకోవాలన్నది దాని విషయం. పొద్దున అరగంట ముందు లేవమంటుంది. ఆఫీసు చికాకుల్ని గడప బయటే వదిలి రమ్మంటుంది. పిల్లలతో ఎంతసేపు గడిపామన్నదానికన్నా ఎలా గడిపామన్నదే ముఖ్యమని ఓదారుస్తుంది. ఈ ఓదార్పుకే ‘క్వాలిటీ టైం’ అని పేరు. వీలైతే భర్త సాయం కూడా తీసుకోమని చివర్లో ఒక వాక్యం ఉంటుంది. తండ్రి కనిపించేది ఆ ఒక్క వాక్యంలోనే.

ఈ వ్యాసం మీద కోపం తెచ్చుకోవడం తేలిక. మనలో చాలామందిమి ఆ పని చేశాం కూడా. అయితే ఆ వ్యాసం నమ్మే ఒక ఊహని మన సాహిత్యం కూడా చాలాకాలం నమ్మింది. తల్లి ఇంటినుంచి బయటికి వెళ్తేనే పిల్లలకి దూరమవుతుందన్నది ఆ ఊహ. ఇటు ఇల్లు, అటు పని, రెంటి మధ్యా పరుగెత్తే స్త్రీ. పాత కరీంనగర్ జిల్లాలో పుట్టి, పెళ్ళయ్యాక కొన్నేళ్ళు పాత ఆదిలాబాద్ జిల్లా బొగ్గు బస్తీల్లో బతికినదాన్ని కాబట్టి నాకు ఈ బొమ్మ ఎప్పుడూ సగమే అనిపిస్తుంది. మా అవ్వ (మావైపు అవ్వ అంటే అమ్మే) పనికోసం ఒక్కరోజు కూడా గడప దాటి ఎరగదు. మాకోసం ఆమెకి తీరిక దొరికిందీ లేదు.

మాది కోరుట్ల. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, ఎటు పోయినా వాడవాడలా అరుగుల మీద, వాకిళ్ళలో చాటలు ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. పుస్తకాల్లో బీడీలు చుట్టడం అని రాస్తారు. మావైపు బీడీలు చేసుడు అంటారు. మగవాళ్ళు సిరిసిల్లలో మరమగ్గాల మీద ఉంటారు, లేదంటే గల్ఫ్‌లో ఉంటారు. ఆడవాళ్ళు బీడీలు చేస్తారు.

తునికాకు రాత్రే తడిపి గుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున్నే రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించాలి. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతులు ఒత్తి, 25 బీడీలకొక కట్ట కట్టాలి. కూలి వెయ్యి బీడీలకి ఇంత అని. గంటల లెక్క లేదు, సెలవు లేదు, ఆలస్యమైందని అడిగేవాళ్ళు లేరు. అందుకే చూసేవాళ్ళకి ఇది పనిలా కనిపించదు. ఇంటిపట్టున ఉండి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటోంది అంటారు. కార్ఖానాలో బాగాలేవని తీసిపారేసిన బీడీలు లెక్కలోకి రావు. కంపెనీ ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో కొని వెయ్యి నింపాలి. పసిబిడ్డ ఏడ్చిన అరగంట కూడా ఆ వెయ్యిలోనే తరుగుతుంది. ఆ తరుగుని రాత్రి దీపం కింద పూడ్చుకోవాలి.

పిల్లలం పక్కనే ఉండేవాళ్ళం. బళ్ళో జరిగిందంతా చెప్పేవాళ్ళం. వింటూ ఉండేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది, తిట్టేది, నవ్వేది, తల మాత్రం ఎత్తేది కాదు. “అవ్వా, నా దిక్కు సూడవే” అని నేను గొడవ చేస్తే, “చెప్పు బిడ్డా, చెవులు నీ దిక్కే ఉన్నయి గదా” అనేది. ఆ మాట నిజమే. చేతులు, కళ్ళు కంపెనీవి. చెవులు మావి. పిల్లలకి పూర్తి ధ్యాస ఇవ్వమని చెప్పే వ్యాసం ఈ లెక్కని ఊహించనే లేదు.

అవ్వ దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలంటే ఒక దారి ఉండేది. మూతులు ఒత్తడం నేర్చుకోవాలి. చిన్నవేళ్ళకి ఆ పని బాగా వస్తుంది. మూతులొత్తే పిల్లకి అవ్వ పక్కన చోటు దొరుకుతుంది, కథ దొరుకుతుంది, ఊరి కబుర్లు దొరుకుతాయి. ఆడుకోను పోయిన పిల్లకి అవి దొరకవు. మగపిల్లలు ఆడుకోను పోయేవాళ్ళు. ఆడపిల్లలం కూర్చునేవాళ్ళం. తల్లితో గడపడం, తల్లి పనిలో భాగం కావడం మాకు ఒకటే. నా బాల్యంలో అతి దగ్గరతనం ఉన్న గంటలు అవే. బాలకార్మికుల గంటలని లెక్క రాస్తే ఆ లెక్కలోకి వచ్చేవీ అవే. ఈ రెండు మాటల్లో ఒకదాన్ని దాచి ఇంకొకటి రాయడం నాకు చేతకాదు.

చట్టం ఈ చిక్కుని ఎలా చూసిందో గమనించాలి. 1986 బాలకార్మిక చట్టం పిల్లలతో చేయించకూడని పనుల జాబితాలో బీడీల తయారీని చేర్చింది. అదే చట్టం, కుటుంబం సాయంతో ఇంటి యజమాని నడిపే పనిచోటుకి ఈ నిషేధం వర్తించదని కూడా చెప్పింది. 2016లో సవరించినప్పుడు 14 ఏళ్ళలోపు పిల్లలతో అన్ని పనులనూ నిషేధించారు గానీ, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తుల్లో బడివేళల తర్వాత సాయం చేయడాన్ని మినహాయించారు. కంపెనీ ఆకు, కంపెనీ తంబాకు, కంపెనీ లేబుల్, కంపెనీ లాభం. అయినా తల్లీపిల్లా కలిసి కూర్చున్నారు కాబట్టి అది కుటుంబం.

1966 బీడీ కార్మికుల చట్టంలో పసిపిల్లల గది ప్రస్తావన కూడా ఉంది. స్త్రీలు ఎక్కువమంది పనిచేసే కార్ఖానాల్లో ఆరేళ్ళలోపు పిల్లలకోసం గది ఉండాలని అది చెప్పింది. మా ఆడవాళ్ళు కార్ఖానాకి వెళ్ళేది ఆకు తెచ్చుకోవడానికీ, బీడీలు ఇచ్చి రావడానికీ. మిగతా పనంతా ఇంట్లో. ఇల్లు కార్ఖానా కాదు కాబట్టి పిల్లల గది అక్కర్లేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది ఉద్యోగులున్న సంస్థలో శిశుసదనం ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చనీ చెప్పింది. 2020లో వచ్చిన కార్మిక కోడ్‌లలోకి పాత బీడీ చట్టాన్ని కలిపేసినప్పుడూ ఈ లెక్క సంస్థ చుట్టూనే తిరిగింది. ఒక వాడలో రెండువందల ఇళ్ళల్లో రెండువందలమంది ఒకే కంపెనీకి బీడీలు చేస్తున్నా, వాళ్ళు రెండువందల కుటుంబాలే. అంగన్‌వాడీ 1975లో మొదలైన పథకంలో భాగం. మంచిదే గానీ, అది ప్రధానంగా మూడేళ్ళు నిండిన పిల్లలని కొన్ని గంటలు కూర్చోబెట్టుకునే చోటు. చంటిబిడ్డ తంబాకు ఘాటులోనే తల్లి పక్కన నిద్రపోతుంది.

మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద రాసిన పుస్తకం మనలో చాలామందికి తెలుసు. ప్రపంచ మార్కెట్ కోసం పనిచేసే ఆ స్త్రీలని గృహిణులుగా, వాళ్ళ శ్రమని తీరిక వేళల కాలక్షేపంగా చూడటం మీదనే ఆ వ్యాపారం నిలబడిందని ఆమె చూపించింది. పశ్చిమగోదావరి లేసుకీ, కోరుట్ల బీడీకీ ఈ విషయంలో తేడా లేదు. మావైపు కథ ఇంకా ముందే, ఆదిలాబాద్ అడవుల్లో మొదలవుతుంది. ఎండాకాలం తెల్లవారకముందే ఆదివాసీ స్త్రీలు పిల్లల్ని వెంటబెట్టుకుని తునికాకు కోయడానికి వెళ్తారు. 50 ఆకులకొక కట్ట చొప్పున పిల్లలతో కలిసి కట్టి కల్లానికి చేరుస్తారు. తల్లీపిల్లలు కలిసి కోసిన ఆకు, తల్లీపిల్లలు కలిసి చేసిన బీడీ అవుతుంది. ఇందులో పనివేళ ఏది, పిల్లల వేళ ఏది?

ఇప్పుడు మన సాహిత్యం దగ్గరికి వస్తాను. స్త్రీవాద సాహిత్యం ఈ విషయంలో చేసిన మేలు చిన్నది కాదు. విమల ‘వంటిల్లు’, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’, ‘సూపర్ మామ్ సిండ్రోమ్’ చదివిన తరం మాది. మంచి తల్లి కాలేకపోతున్నానన్న బాధని ఒక స్త్రీ గుండెలోంచి తీసి సమాజం ముందు పెట్టినవి అవి. సత్యవతి గారి కథ పేరే అన్నీ చేయగల తల్లి అనే ఆదర్శాన్ని ఒక జబ్బుగా గుర్తిస్తుంది. క్లాసులో ఈ కథలు చెప్తే అమ్మాయిలు తమ తల్లుల గురించి మాట్లాడటం మొదలుపెడతారు. ఆ మాటల్లోనే కథలు వదిలేసిన చోట్లు కూడా బయటపడతాయి. ఉద్యోగిని కథల్లో మనకి అలవాటైన గడియారం ఆఫీసు గడియారం. ఎనిమిదిన్నర బస్సు, పదింటి సంతకం, అయిదున్నరకి తిరుగు ప్రయాణం. దానికి ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. అందుకే ఆ కథల్లో పని నుంచి ఇంటికి రావడమన్న ఘట్టం సాధ్యమవుతుంది. బీడీలు చేసే తల్లికి ఇంటికి వచ్చే ఘట్టమే లేదు. మా విద్యార్థినుల్లో సగంమందికి ఆ కథల్లోని తల్లి టీచరమ్మలా కనిపిస్తుంది గానీ అవ్వలా కనిపించదు.

మా ప్రాంతం నుంచి వచ్చిన సాహిత్యం ఆ అవ్వని చూసిందా? అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటి వాళ్ళు కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్నీ, గనుల్నీ తెలుగు కథ నడిమధ్యకి తెచ్చారు. భూమి, కూలి, బొగ్గు, పోరాటం లేకుండా మా జిల్లాల గురించి రాయడం వాళ్ళ తర్వాత ఎవరికీ సాధ్యం కాలేదు. అందుకు మేమంతా రుణపడి ఉన్నాం. అయితే నేను చదివిన పోరాట సాహిత్యంలో తల్లి నిండుగా కనిపించేది ఎక్కువగా కొడుకు పెద్దవాడయ్యాకనే. బొగ్గు బస్తీల్లో గోర్కీ ‘అమ్మ’ చదవని కార్యకర్త ఉండడు. ఆ నవల మొదలయ్యేసరికే పావెల్ దాదాపు ఎదిగినవాడు. కొడుకు దారిలోకి వచ్చిన తల్లి, కొడుకుని పోగొట్టుకున్న తల్లి మన పాటల్లో, కథల్లో ఎంతమందో ఉన్నారు. ఆ కొడుకుకి మూడేళ్ళప్పుడు అన్నం ఎవరు తినిపించారు, ఆ వేళకి ఆమె ఏ పని వదులుకుంది అన్న ప్రశ్న అరుదు. శోకానికి దొరికిన పేజీలు పెంపకానికి దొరకలేదు.

ఆ పేజీలు దొరికిన చోట ఎంత భిన్నమైన చరిత్ర బయటపడుతుందో మనకి తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటపు స్త్రీలు తుపాకుల గురించి చెప్పినంత మామూలుగా పిల్లల గురించి చెప్తారు. పోరాటంలో ఉండి పసిబిడ్డని పరాయిచేతుల్లో పెట్టాల్సి వచ్చిన కమలమ్మ మాటలు చదివాక, ఉద్యమానికి సమయం, పిల్లలకి సమయం అన్నవి వేర్వేరు అధ్యాయాలుగా రాయడం ఎవరికైనా కష్టం. 2012లో వచ్చిన ‘నిర్జన వారధి’లో కొండపల్లి కోటేశ్వరమ్మ కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా ఇతరుల ఆడపిల్లల్ని చూసుకున్నారు. ఆమె పిల్లలు ఆమె తల్లి దగ్గర పెరిగారు. మా జిల్లాల్లో బలంగా వేళ్ళూనిన పీపుల్స్‌వార్ పార్టీ చరిత్ర ఆమె భర్త సీతారామయ్య పేరుతో మొదలవుతుంది. ఆయన పిల్లలకి ఎంత సమయం ఇచ్చారని ఆ చరిత్రని అడిగినవాళ్ళు తక్కువ.

తండ్రుల సంగతి దగ్గరే మన విమర్శ ఇంకా పదునెక్కాలి. మా జిల్లాల్లో దూరంగా ఉన్న తండ్రి వింతేమీ కాదు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఒక తరం పిల్లలకి నాయిన అంటే దుబాయి నుంచి వచ్చిన ఉత్తరం, క్యాసెట్టు, ఆ తర్వాత ఫోన్లో గొంతు. పెద్దింటి అశోక్‌కుమార్ వంటి రచయితలు గల్ఫ్ వలస వేదనని కథల్లోకి తెచ్చారు. ఆ మగవాళ్ళ బాధ నిజం, అప్పులు నిజం, శవపేటికల్లో తిరిగివచ్చినవాళ్ళూ నిజం. అయినా ఒక తేడా ఉంది. తండ్రి రెండేళ్ళకోసారి వస్తే దాన్ని త్యాగం అంటాం. తల్లి సాయంత్రం ఏడింటికి వస్తే దాన్ని లోటు అంటాం.

గనుల్లో ఇంకో రకం. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి క్వార్టర్లలో ఇంటి కాలాన్ని నడిపేది షిఫ్టు సైరన్. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పగలంతా పడుకుంటాడు. “సప్పుడు చెయ్యకుండ్రి, బాపు పండిండు” అన్న మాట విననిదే అక్కడ పిల్లలు పెరగరు. ఆ నిశ్శబ్దాన్ని కాపలా కాసేది తల్లి. భర్త ఒక షిఫ్టు, కొడుకు ఇంకో షిఫ్టు అయితే ఆమెకి మూడు షిఫ్టులూ ఉంటాయి. స్త్రీలు భూగర్భ గనుల్లోకి దిగడాన్ని 1952 గనుల చట్టం నిషేధించింది. 2019లో ఆ దారి తెరిచారు. అప్పటిదాకా గని కింద ఆడవాళ్ళు లేరన్నది నిజమే గానీ, గని గడియారం కింద ఉన్నది వాళ్ళే. అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ ఉద్యోగినుల ఇంటిపనిని 1989లో ‘సెకండ్ షిఫ్ట్’ అన్నప్పుడు అది ఒక పోలిక. మా దగ్గర అది గోడమీద టైంటేబుల్.

దేశం మొత్తంమీద మొదటి సమయ వినియోగ సర్వే 2019లో జరిగింది. ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇంట్లోవాళ్ళని చూసుకోవడంలో స్త్రీలవి 134 నిమిషాలు, పురుషులవి 76. మనం ఈ అంకెల్ని వాడుకోవాలి, వాడుకుంటున్నాం కూడా. కానీ ఒక చేత్తో మూతులొత్తుతూ ఒక కాలితో ఉయ్యాల ఊపే అరగంటని సగటులోంచి విడదీసి చూడటం అంకెల పని కాదు. అది కథ చేయాల్సిన పని.

నేను ప్రభుత్వ ఉద్యోగిని కాను. కరీంనగర్‌లో ఒక కాలేజీలో చాలా ఏళ్ళు గెస్ట్ లెక్చరర్‌గా ఉన్నాను. జీతం పీరియడ్‌కి ఇంత అని. పరీక్షల నెలలో పీరియడ్లు ఉండవు, డబ్బూ ఉండదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి 2008 నుంచి 730 రోజుల పిల్లల సంరక్షణ సెలవు ఉంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగినులకి 2016లో 90 రోజులు ఇచ్చారు. పీరియడ్ లెక్కన బతికేవాళ్ళకి ఈ సెలవుకి అర్థమే లేదు. నా బిడ్డకి జ్వరం వచ్చిన రోజు నేను పోగొట్టుకునేది మూడు పీరియడ్లు. ఆ సంగతి స్టాఫ్‌రూంలో చెప్పుకుంటే ఒక సహోద్యోగిని, “పిల్లల్ని కన్నప్పుడు ఆలోచించుకోవాలి మేడమ్” అంది. ఆమె పర్మినెంటు. ఇద్దరమూ స్త్రీవాద కథలు పాఠం చెప్పేవాళ్ళమే. వెయ్యి బీడీలకీ పీరియడ్‌కీ మధ్య నేను ఎంత చదువు చదివానో తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. లెక్క మాత్రం మారలేదు.

మాలాంటి కూతుళ్ళం ఇప్పుడు రాస్తున్నాం. తల్లుల మీద కవితలు వస్తున్నాయి. చాలావాటిలో బీడీలు చేసే తల్లి దీపంలా వెలుగుతుంది, కరిగిపోతుంది, మమ్మల్ని చదివిస్తుంది. నాకు ఈ కవితలతో పేచీ ఉంది. వెయ్యి బీడీల మీద నడిచిన దోపిడీని అవి ప్రేమగా మార్చేస్తాయి. మా అవ్వకి 2015 నుంచి బీడీ కార్మికుల పింఛను వస్తోంది. మొదట వెయ్యి రూపాయలు, 2019 నుంచి 2016. చాట పక్కన పెట్టింది. ఒకరోజు నా బిడ్డకి జడ వేస్తూ, “నీ జడ గిట్ల ఎన్నడన్న ఏసిన్నా బిడ్డా? యాదికి లేదు” అంది. వేసేది కాదు. అక్క వేసేది. ఆ మాటలో త్యాగం లేదు, కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకి బాగా తెలుసు. కంపెనీ పేరు చెప్పింది, మా బాపు పేరు కూడా చెప్పింది.

ఆ కోపానికి మన పేజీల్లో చోటు కావాలి. పిల్లలకి సమయం ఎలా ఇవ్వాలని తల్లిని అడగడం మాని, ఆమె సమయాన్ని ఎవరు ఎంతకి కొన్నారు, ఎవరు ఊరికే తీసుకున్నారు అని అడిగే కథలు కావాలి. వాడకొక శిశుసదనం అడగడం సాహిత్యం పని కాదని కొందరు అంటారు. ఇంటి అరుగుని పనిచోటుగా ఒప్పించడం మాత్రం సాహిత్యం పనే. అది ఒప్పుకుంటే శిశుసదనం అడిగే హక్కు దానివెంటే వస్తుంది. నిర్మల్‌లో, మెట్‌పల్లిలో, సిరిసిల్లలో డిగ్రీ చదువుతూ సాయంత్రం వేళ ఇంకా మూతులొత్తుతున్న అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళు నాకన్నా బాగా రాయగలరు. వాళ్ళని అడుగుదాం. అడిగే ముందు, ఆ సాయంత్రానికి వాళ్ళ వెయ్యి ఎవరు నింపుతారో కూడా ఆలోచిద్దాం.